ఎండ మీద అలిగిన అచ్చాయమ్మ

కాళ్ళు కడుక్కున్నావా? సరే, ఇలా వచ్చి నా పక్కన పడుకో. ఉక్కగా ఉందా? ఉంటుంది మరి, వేసంకాలం కదమ్మలూ. విసనకర్ర నా చేతిలోనే ఉందిగా, విసురుతాను. నువ్వు మాత్రం ఊ కొట్టాలి. ఊ కొట్టడం ఆపితే కథ అక్కడే ఆగిపోతుంది, తర్వాత నన్ననకు.

అనగనగనగా, ఎండలు నిప్పులు చెరిగే ఒక ఊళ్ళో అచ్చాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు గవర్రాజు. అచ్చాయమ్మ పని వడియాలు పెట్టడం. గవర్రాజు పని గుమ్మడికాయకి మొదటి గాటు పెట్టడం.

అదేం పని అంటావా? బూడిదగుమ్మడికాయని ఆడవాళ్ళు పగలగొట్టకూడదంటారు మనవైపు. మొదటి గాటు మగవాడు పెట్టాకే ఆడవాళ్ళు ముక్కలు తరగాలి. ఎందుకని నన్నడక్కు. నేనూ మా అమ్మమ్మని అడిగాను, ఆవిడా చెప్పలేదు. ఆ ఒక్క గాటూ పెట్టేసి గవర్రాజు అరుగు మీద కూచుని చుట్ట ముట్టించేవాడు. కొండ తవ్వి వచ్చినట్టు చెమట కూడా తుడుచుకునేవాడు. మిగతాదంతా అచ్చాయమ్మే చేసుకునేది.

అచ్చాయమ్మ వడియాలంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లోనూ పేరు. పెళ్ళైనా, సీమంతమైనా, పప్పన్నంలోకి ఆవిడ వడియం పడకపోతే విస్తరి బోసిగా ఉందనేవారు. తెల్లారకముందే లేచి పిండి రుబ్బేది. మిద్దె మీద తడి పంచె పరిచేది. దాని మీద వరసగా వడియాలు పెట్టేది. అప్పుడు ఎండ వచ్చేది. మూడెండలు తగిలేసరికి వడియాలు గలగల్లాడేవి.

అంతా బానే ఉంది కదా? కానీ అచ్చాయమ్మకి ఎండంటే గిట్టదు. పొద్దున్న లేచింది మొదలు తిట్లే తిట్లు.

"దీని దుంప తెగ! వంటింట్లో ఉన్న పొయ్యి చాలదని నెత్తి మీద ఇంకో పొయ్యా?" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని, పైకి చూసి తిట్టేది. తిట్టి, మళ్ళీ ఆ ఎండలోనే వడియాలు తిరగేసేది.

అప్పుడు ఒకరోజు ఆ ఊరి రేవుకి ఒక పడవ వచ్చింది. అందులోంచి ఒక వర్తకుడు దిగాడు. మిరియాలు కొనుక్కోడానికి వచ్చాడతను. మిద్దె మీద చెమటలు కక్కుతున్న అచ్చాయమ్మని చూసి జాలిపడ్డాడు.

"అయ్యో తల్లీ! మా మంచుసీమలో ఈ బాధే లేదు. కాగడా పెట్టి వెతికినా ఎండ కనపడదు. చెమటంటే ఏంటో మాకు తెలీదు. పొద్దున్నే తలుపు తీస్తే పాలనురుగులాంటి మంచు గుమ్మంలో నిలబడి ఉంటుంది" అన్నాడు.

పాలనురుగు! ఆ మాట అచ్చాయమ్మ చెవిలో పడింది. పడింది పడ్డట్టే ఉండిపోయింది. పిండి రుబ్బుతూ పాలనురుగే, అన్నం తింటూ పాలనురుగే, నిద్దట్లో కలవరింతలోనూ పాలనురుగే.

ఆ తర్వాత ఆగలేక మొగుడి దగ్గర కూచుంది. "మావా, మనం మంచుసీమ వెళ్ళిపోదాం" అంది.

"అక్కడ మనకెవరున్నారే?" అన్నాడు గవర్రాజు.

"ఎండ లేదు. ఇంకెవరుండాలి?" అంది అచ్చాయమ్మ.

గవర్రాజు మంచివాడు. పెళ్ళాం మాటకి ఎదురు చెప్పే ఓపిక లేక మంచివాడయ్యాడనుకో, అయినా మంచివాడే. సరేనన్నాడు.

కానీ ఊరికే వెళ్ళి ఉండిపోతానంటే మంచుసీమలో కుదరదట. అక్కడొక పద్ధతి ఉంది. వర్తకుడే చెప్పాడు. కొత్తగా వచ్చినవాళ్ళు రాజుగారి విందుకి తమ చేత్తో చేసిన వంటకం ఒకటి వడ్డించాలి. రాజుగారికి నచ్చితే ఇల్లిచ్చి ఉంచుకుంటారు. నచ్చకపోతే వచ్చిన పడవలోనే వెనక్కి పంపించేస్తారు.

"ఓస్ అంతేనా! నా వడియం తిని వంక పెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు" అంది అచ్చాయమ్మ.

అప్పుడు మూడు బూడిదగుమ్మడికాయలు సర్దింది. ఒక బస్తా మినప్పప్పు కట్టింది. దారిలో నంజుకోడానికి ఓ డబ్బా నిండా పాత వడియాలు పెట్టుకుంది. రేవుకి ఊరు ఊరంతా వచ్చింది. వద్దమ్మా అని పెద్దవాళ్ళు చెప్పారు. వెళ్ళకే అని చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిల్లలైతే, ఇక మాకు వడియాలపిండి ఎవరు పెడతారని గోలగోల చేశారు.

అచ్చాయమ్మ వింటేనా? పడవెక్కి నిలబడి, పైకి చూసి, అందరూ వినేలా అరిచింది. "ఇదిగో, ఎండా! నీకో దణ్ణం, నీ వేడికో దణ్ణం. మళ్ళీ నీ మొహం చూశానా, నా పేరు అచ్చాయమ్మే కాదు!"

ఊ కొడుతున్నావా? ఆఁ. ఈ మాట గుర్తు పెట్టుకో, పనుంది దీంతో.

ఆ తర్వాత పడవ వెళ్ళింది, వెళ్ళింది, వెళ్ళింది. డబ్బాలో వడియాలు గవర్రాజు కరకరా నమిలేస్తుంటే, అడుగున గుప్పెడు మిగిలాక అచ్చాయమ్మ డబ్బా లాక్కుని తన మూటలో దాచేసింది. చివరికి ఓ పొద్దున్నే మంచుసీమ వచ్చింది. విందు రోజు దాకా ఉండమని వర్తకుడు ఓ మిద్దిల్లు చూపించాడు.

వర్తకుడు అబద్ధం చెప్పలేదమ్మలూ. తలుపు తీస్తే నిజంగానే పాలనురుగు! చెట్ల మీద మంచు, గోడల మీద మంచు, చెయ్యి చాపితే వేళ్ళ మధ్య మంచు. అచ్చాయమ్మ వీధిలో గిర్రున తిరిగింది. చిన్నపిల్లలా నోరు తెరిచి మంచు మింగింది. "చూశావా మావా, స్వర్గం!" అంది. విసనకర్ర విరిచి పొయ్యిలో పెట్టేసింది.

కొన్నాళ్ళు స్వర్గంగానే ఉంది. అప్పుడు చీర ఉతికి ఆరేసింది. ఆరలేదు. మర్నాడూ ఆరలేదు. వారం తిరిగినా తడిగానే ఉంది. ఆ తర్వాత ఉప్పుజాడీ మూత తీసింది. లోపల ఉప్పు లేదు, నీళ్ళున్నాయి. ఆ తర్వాత గవర్రాజు చుట్ట ముట్టించబోయాడు. ఊది ఊది బుగ్గలు నొప్పెట్టాయి కానీ చుట్ట అంటుకోలేదు. ఎదురింటివాళ్ళ మొహం కూడా మంచులో కనపడేది కాదు. ఎవరైనా దగ్గితే, ఓహో అక్కడో మనిషున్నాడన్నమాట, అనుకోవాలి.

"ఎలా ఉందే నీ స్వర్గం?" అన్నాడు గవర్రాజు.

"చ-చ-చల్లగా, హా-హా-హాయిగా ఉంది" అంది అచ్చాయమ్మ. పళ్ళు టకటకలాడుతున్నాయి. అయినా ఒప్పుకుంటుందా? ఊరందరి ముందూ అంత మాట అని వచ్చింది. ఏ మొహం పెట్టుకుని వెనక్కి వెళ్తుంది? రాజుగారికి వడియం నచ్చితీరాలి, ఇల్లు దక్కితీరాలి. కోటకి వెళ్ళి, విందుకి వడియాలు తెస్తానని పేరు కూడా చెప్పొచ్చేసింది.

అప్పుడు మొదటి గుమ్మడికాయ తీసింది. గవర్రాజు గాటు పెట్టాడు. చెమట తుడుచుకోబోయాడు, చెమట లేదు, చెయ్యి దించేసుకున్నాడు. అచ్చాయమ్మ ముక్కలు తరిగి, ఉప్పేసి పిండి, రాత్రంతా మూటకట్టి ఉంచింది. తెల్లారకముందే పిండి రుబ్బింది. మిద్దె మీద పంచె పరిచి వరసగా వడియాలు పెట్టింది. కాకులు రాకుండా నల్లగొడుగు తెరిచి పక్కన పెట్టింది. పెట్టి కూచుంది.

పొద్దెక్కింది. మంచు తెల్లగానే ఉంది. అచ్చాయమ్మ కూచునే ఉంది.

గవర్రాజు పైకొచ్చి, "ఏం చేస్తున్నావే?" అన్నాడు.

"కనపడ్డంలా? ఎక్కుతుందేమోనని చూస్తున్నా."

"ఏంటే ఎక్కేది?"

"ఎండ!"

గవర్రాజు పెళ్ళాం వైపు చూశాడు. వడియాల వైపు చూశాడు. ఆకాశం వైపు చూశాడు. "ఎండ లేదనే కదే ఇంతదూరం వచ్చాం?" అన్నాడు.



నవ్వకు! ఆవిడేం తెలివితక్కువది కాదు. పుట్టిన దగ్గర్నించీ పిండి పెట్టడం తన పని, ఎండ రావడం ఎండ పని. ఏనాడూ పిలవలేదు, ఏనాడూ రాకుండా ఉండలేదు. ఊపిరి పీల్చేముందు గాలుందా అని చూసుకుంటామా మనం? అలాగే ఆవిడా చూసుకోలేదు. సాయంత్రానికి వడియాలన్నీ ఒకదాని మీదికి ఒకటి జారి, పంచె నిండా ఒకటే దిబ్బరొట్టె అయి కూచుంది.

అప్పుడు రెండో గుమ్మడికాయ తీసింది. గవర్రాజు గాటు పెట్టాడు. ఈసారి పొయ్యికి పైన తాళ్ళతో చేట వేలాడదీసి, వడియాలని అందులో ఆరబెట్టింది. ఆరాయి! కానీ పొగచూరి, బొగ్గుముక్కల్లా నల్లబడ్డాయి. ఒకటి నోట్లో వేసుకుని థూ అని ఉమ్మేసింది. గవర్రాజు మాత్రం చప్పరించి, "అచ్చం చుట్ట కాల్చినట్టే ఉందే, ఎన్నాళ్ళయింది ఈ రుచి చూసి!" అని మొత్తం జేబులో పోసుకున్నాడు.

ఇంక ఒక్కటే కాయ ఉంది. విందు దగ్గరపడింది. అచ్చాయమ్మ గుమ్మంలో కూచుని భోరున ఏడ్చింది.

ఆ ఏడుపు మంచులోంచి పక్కింటికి వినపడింది. పక్కింట్లో రొట్టెలు కాల్చే అవ్వ ఒకావిడ ఉంది, ఏమైందో చూద్దామని వచ్చింది. ఆవిడ భాష వేరు, మన భాష వేరు. కానీ ఇద్దరు ఆడవాళ్ళు వంటింటి గురించి మాట్లాడుకోవాలంటే భాషెందుకు? అచ్చాయమ్మ మొగుడి జేబులోంచి నల్ల వడియం ఒకటి తీసి చూపించి ఏడ్చింది. అవ్వ దాన్ని వాసన చూసి ముక్కు మూసుకుంది. అప్పుడు అచ్చాయమ్మ చెయ్యి పట్టుకుని తన ఇంట్లోకి తీసుకెళ్ళింది. లోపల రొట్టెల బట్టీ ఉంది. బట్టీ వెనక గోడ, ఆ గోడకి ఆనుకుని వెడల్పాటి అరుగు. పొగ లేదు, మంట లేదు, అంతా వెచ్చగా ఉంది.

అచ్చాయమ్మ ఆ గోడకి చెంప ఆనించింది. సాయంకాలం పూట మన మిద్దె గోడలా ఉంది ఆ వెచ్చదనం. ఎంతసేపు అలా నిలబడిందో ఆవిడకే తెలీదు. ఇంటికొచ్చాక మొగుడికీ చెప్పలేదు.

అప్పుడు మూడో గుమ్మడికాయ తీసింది. ఆఖరి కాయ కదా, గవర్రాజు కత్తిని కళ్ళకద్దుకున్నాడు. దణ్ణం పెట్టుకుని గాటు పెట్టాడు. వడియాలు అవ్వ అరుగెక్కాయి. నిదానంగా ఆరాయి. డబ్బాలో పోసి ఊపితే గలగల! అచ్చాయమ్మ అవ్వని కావిలించుకుని గంతులేసింది. అవ్వ కూడా వేసింది, ఎందుకో తెలియకుండానే.

ఆ తర్వాత విందు రోజు వచ్చింది. వీళ్ళ మాట వాళ్ళకీ, వాళ్ళ మాట వీళ్ళకీ చెప్పడానికి వర్తకుడూ వచ్చాడు. కోటలో పెద్ద పెద్ద బల్లలు వేశారు. వాటి మీద మెత్తటి దుంపలు, మెత్తటి రొట్టె, గిన్నెల్లో గంజి. ఆ సీమలో అన్నీ మెత్తనే. తడిదేశంలో గట్టిది ఏముంటుంది చెప్పు? అచ్చాయమ్మ మూకుడులో నూనె కాచి వడియాలు వేయించి, పళ్ళెంలో పోసి రాజుగారి ముందు పెట్టింది.

రాజుగారు ఒకటి తీసుకున్నాడు. కొరికాడు.

కర్ర్‌ర్‌ర్!

రాజుగారు బెదిరిపోయి దవడ పట్టుకున్నాడు, పన్ను విరిగిందనుకున్నాడు పాపం. భటులు కత్తులు దూశారు. రాణిగారు బల్ల కిందికి దూరింది. అప్పుడు రాజుగారు నెమ్మదిగా ఇంకోటి తీసుకున్నాడు. కర్ర్‌ర్! ఇంకోటి. కర్ర్‌ర్! పకపకా నవ్వాడు. బల్ల కింద నుంచి రాణిగారి చెయ్యి పైకొచ్చి పళ్ళెం వెతికింది. ఇంక చూస్కో! మంత్రి కరకర, భటుడు కరకర, కోటంతా కరకర కరకర.

"ఇచ్చేశాం ఇల్లు!" అన్నాడు రాజుగారు.

గవర్రాజు ఎగిరి గంతేశాడు. అచ్చాయమ్మ కూడా ఎగరాల్సిందే. కానీ ఆవిడ ఎగరలేదు. తనూ ఒక వడియం నోట్లో వేసుకుంది. ఉప్పు సరిపోయింది. కారం సరిపోయింది. అల్లం, జీలకర్ర అన్నీ సరిపోయాయి. అయినా ఏదో లేదు.

అప్పుడు వెంట తెచ్చుకున్న మూటలో దాచిన పాత డబ్బా గుర్తొచ్చింది. అడుగున ఉన్న గుప్పెడూ తీసి వేయించింది. ఒకటి తను తింది, ఒకటి రాజుగారికి ఇచ్చింది.

రాజుగారు నమిలాడు. ఈసారి నవ్వలేదు. కళ్ళు మూసుకున్నాడు. తెల్లగా పాలిపోయిన బుగ్గల్లోకి ఎరుపు వచ్చింది. "ఇది వేరే! ఇందులో ఏం వేశావమ్మా?" అన్నాడు.

"మినప్పప్పు, గుమ్మడి, మిరపకాయ, అల్లం, జీలకర్ర, ఉప్పు. అవే మహారాజా."

"కాదు, ఇంకేదో వేశావు."

"ఇంకేం వెయ్యలేదు. పిండి రుబ్బాను, వడియం పెట్టాను, అంతే. ఆ తర్వాత..." అని ఆగిపోయింది అచ్చాయమ్మ. ఖాళీ డబ్బా వైపు చూసింది. "ఆ తర్వాత నేను వెయ్యలేదు మహారాజా. ఎండ వేసింది."

"ఎండంటే ఏమిటి?" అన్నాడు రాజుగారు. పాపం, ఆయన ఎప్పుడూ చూడలేదుగా.

ఎండ గురించి అచ్చాయమ్మని అడిగితే ఇంకేముంది! "అదొక దుర్మార్గపుది మహారాజా" అని మొదలుపెట్టింది. "నెత్తి మాడుస్తుంది. కాళ్ళు కాలుస్తుంది. పిలవకుండానే వస్తుంది. వచ్చి ఊరగాయ ముక్కల మీద కూచుంటుంది. మిరపపళ్ళ మీద కూచుంటుంది. ఉతికిన చీర మీద కూచుంటుంది, ఆ చీర మడతపెడుతుంటే ఎంత మంచి వాసనో! పసిపిల్లలకి నలుగు పెట్టి లేత ఎండలో పడుకోబెడితే కాళ్ళు తపతపా కొట్టుకుని నవ్వుతారు మహారాజా. ముసలమ్మలు మోకాళ్ళు చాపుకుని కూచుంటారు. నేను రోజూ తిట్టేదాన్ని. రోజూ వచ్చేది. ఒక్కరోజు కూడా అలగలేదు. అలిగింది నేనే."

చెప్తూ చెప్తూ ఏడుస్తోంది. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వుతోంది. ఇన్నాళ్ళూ వడియాలన్నీ తనే చేశాననుకుంది. సగం పని చేసిన దాన్ని పట్టుకుని, దుంప తెగ అని తిట్టింది.

"మహారాజా, మీ ఇల్లు చల్లగా ఉండాలి. నాకు మాత్రం వద్దు. నేను మా ఎండలోకి వెళ్ళిపోతాను" అంది.

గవర్రాజు ఇంకా ఎత్తుగా గంతేశాడు. చుట్ట అంటుకుంటుంది కదా మరి!

ఆ తర్వాత పడవ వచ్చింది, వచ్చింది, వచ్చింది. ఊరి రేవుకి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇసక పెనంలా కాలుతోంది. గవర్రాజు గొడుగు పట్టబోతే అచ్చాయమ్మ తోసేసింది. ఉత్త నెత్తిన ఎండలోకి దిగి, మొహం పైకెత్తి, "వచ్చేశానే తల్లీ!" అని అరిచింది. చెమట ధారలు కట్టింది. తుడుచుకోలేదు కూడా.

అప్పుడు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. చెల్లెలు మెడకి చుట్టుకుంది. పెద్దవాళ్ళు కుశలమడిగారు. ఒక గడుగ్గాయి పిల్ల మాత్రం, అచ్చం నీలాంటిదే, ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"మళ్ళీ ఎండ మొహం చూస్తే నీ పేరు అచ్చాయమ్మ కాదన్నావుగా? చూశావుగా? మరిప్పుడు నీ పేరేంటి?" అంది.

అందరూ గొల్లుమన్నారు. అచ్చాయమ్మ మొహం చిన్నబుచ్చుకుందా? లేదు. ఒక్క క్షణం ఆలోచించింది. ఆ పిల్ల బుగ్గ గిల్లింది. "నా పేరు ఎండమ్మ!" అంది.

అప్పట్నించీ ఊళ్ళో అందరికీ ఆవిడ ఎండమ్మే. ఎండమ్మా అని పిలిస్తే ఓయ్ అని పలికేది.

మంచుసీమ రాజుగారు ఊరుకున్నాడా? ఏటేటా పడవ పంపేవాడు. ఎండమ్మ డబ్బాల నిండా వడియాలు పోసి పంపేది. ఆ సీమలో వాటిని వడియాలు అనరు. "ఈ పూట మా ఇంట్లో ఎండ వేయించాం, భోజనానికి రండి" అనుకుంటారు. మొదటి డబ్బా మాత్రం రొట్టెల అవ్వకే.

పడవ ఖాళీగా పంపడం బాగోదని రాజుగారు ఒక జాడీ పంపించాడు. దాన్నిండా మంచు పట్టి, మూత బిగించి పంపాడట. ఎండమ్మ మూత తీసి చూస్తే ఏముంది? ఏమీ లేదు, దారిలోనే ఆవిరైపోయింది. అయినా మొహానికి కాస్త చల్లగా తగిలిందంటుంది ఆవిడ. మిట్టమధ్యాహ్నం ఆ జాడీలో మొహం పెట్టుకుని కూచునేది.

ఎండని తిట్టడం మానేసిందా అంటావా? ఎక్కడ మానేసింది! తెల్లారగానే మిద్దె మీద నిలబడి, "రా తల్లీ, పిండి పెట్టాను" అని పిలిచేది. మధ్యాహ్నానికి, "నీ దుంప తెగ, ఇంక చాలు" అనేది. సొంతవాళ్ళని అలాగే అంటాం కదూ.

ఏయ్, నిద్రొచ్చేసిందా? ఊ కొట్టడం ఆపేశావేం? రేపు తెల్లారకముందే లేపుతాను. వంటింట్లో బూడిదగుమ్మడికాయ చూశావుగా? మీ తాతయ్య దానికి ఒక్క గాటు పెట్టి, కొండ తవ్వినట్టు చెమట తుడుచుకుంటారు. నువ్వు నవ్వకూడదు. మనిద్దరం వడియాలు పెట్టి, గొడుగు తెరిచి కూచుందాం. అప్పుడు నువ్వే పిలుద్దువుగాని.

కథేమో కంచికి,
వడియమేమో కంచానికి,
కాకేమో కొమ్మకి,
ఎండేమో మిద్దెకి,
నువ్వూ నేనూ మంచానికి!